చివరికి బతుకుతారా?

మంచు పడుతున్నప్పుడు ఫోను మోగకపోతే మంచిదో చెడ్డదో ఇంత వయసొచ్చినా నాకు తేలలేదు. మోగితే పోలీసులేమోనని భయం, మోగకపోతే మోగించే స్థితిలో కూడా లేదేమోనని భయం. మారిట్ మధ్యాహ్నం భోజనం వేళకి మినియాపొలిస్‌లో బయల్దేరింది. బయల్దేరాను అని ఒక్క ముక్క పంపింది, దాని కింద బొటనవేలి బొమ్మ, అంతే. కన్నతల్లికి బొటనవేలు. నేను హారియెట్ వంటింట్లో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. కాఫీ కాస్తానని లేచొచ్చాను గాని కాఫీ దానంతటదే కారుతోంది, ఆ యంత్రానికి నాతో పనిలేదు. కిటికీలోంచి కొండ వీధి కిందిదాకా కనిపిస్తుంది, ఆ కింద సరస్సు ఉండాలి, ఇవాళ లేదు, తెల్లగా ఏదో ఉంది, దాని కడుపులో ఎక్కడో ఓడ ఒకటి కూత పెడుతోంది. ఈ ఏటవాలులో కారు జారిందంటే ఆపేదేమీ లేదు, పక్కింటాయన చెత్తడబ్బా తప్ప. ఆ టైర్లు పోయిన చలికాలానివి. అడిగాను కూడా. "కొత్తవేనమ్మా" అంది. అంది గాని ఆ గొంతు నాకు తెలుసు, చిన్నప్పుడు పళ్ళు తోముకోకుండానే తోముకున్నానని చెప్పిన గొంతు అదే. ఈపాటికి ఏ ఖనిజం లారీ వెనకో ఉండుంటుంది, లారీవాడు బ్రేకు వేస్తాడు, ఇది పాట వింటూ ఉంటుంది. వద్దు. అక్కడిదాకా వెళ్ళకూడదు. ఈనెజ్ ఉంటే నా మొహం చూసే చెప్పేది, "ఎక్కడిదాకా వచ్చింది సినిమా, అంబులెన్సు వచ్చేసిందా?" అని. వచ్చేసిందంటే నవ్వేది. నా చేతిలో ఏదో ఒకటి పెట్టేది, ఒలవమనో, తుడవమనో.

ముందుగదిలో వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. హారియెట్, రోవేనా, పెర్ల్, చిన్నపిల్ల జూనిపర్. పుస్తకాల కోసం కలిసే మామూలు ఆదివారమైతే ఈపాటికి కేకలు మొదలయ్యేవి, ఇది పుస్తకమా పొయ్యిలో పెట్టేదా అని ఒకరు, నీ నోటికి రుచి ఎప్పుడు తెలిసిందే అని ఇంకొకరు. ఇవాళ చావింట్లో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు, ఒకరకంగా చావిల్లే కదా. మధ్యలో పొట్టిబల్ల మీద ఈనెజ్ పుస్తకం మూసి ఉంది. చివరికి కొద్ది పేజీలుండగా ఒకచోట బస్సు టికెట్టు ముక్క చెవిలా నిక్కి కనబడుతుంది. మారిట్ రాగానే అక్కణ్ణుంచి చదవాలి. అది మా పద్ధతి. మాలో ఎవరు పోయినా, ఆ మనిషి వదిలిన పుస్తకాన్ని వదిలినచోటు నుంచి చివరిదాకా అందరం కూచుని పైకి చదువుతాం. కూచుని ఆలోచించి పెట్టుకున్న పద్ధతి కాదు. మొదట డోరీన్ పోయినప్పుడు, ఆమె అన్నదమ్ములు ఎక్కడినుంచో దిగబడి, సామానంతా లారీకెక్కించి, అన్నేళ్ళు ఆమె పక్కన పడుకుని లేచిన పెర్ల్‌ని పాస్టరుగారికి "అద్దెకుండే ఆవిడ" అని చూపించి, అంత్యక్రియలకి మమ్మల్ని ఎవర్నీ రావద్దన్నారు. వద్దన్నచోటికి ఎలా పోతాం. ఇదే ఇంట్లో కూచున్నాం, ఏడుపు ఎవరు మొదలుపెట్టాలో కూడా తెలియక. పెర్ల్‌కి మిగిలిందల్లా మేం డోరీన్‌కి చదవమని ఇచ్చిన పుస్తకం ఒకటి, అది మాది కనక లారీ ఎక్కలేదు, అందులో గుర్తుకి పెట్టిన తలపిన్ను. పెర్ల్ ఆ తలపిన్ను ఉన్నచోట తెరిచి, "ఇక్కడిదాకా వచ్చింది పాపం" అని పైకి చదవడం మొదలుపెట్టింది. గొంతు పోతే హారియెట్ అందుకుంది. హారియెట్ గొంతూ పోతే రోవేనా. మాకు మంత్రాలంటూ లేకపోయాయి, అదే మంత్రమైంది. ఇప్పుడంటే పెళ్ళిళ్ళే చేసుకుంటున్నాం, ఈనెజ్‌కీ నాకూ కోర్టువాళ్ళు చేసిన పెళ్ళి ఉంది, శ్మశానంలో ముందు వరసలో నన్నే కూచోబెట్టారు, పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని "మీ భార్య" అంది. అయినా ఈ చదువు మానలేదు. ఆ ముందు వరస కన్నా ఇదే నాకు భయంగా ఉంది. ఎందుకంటే ఆ పుస్తకం చివరేముందో నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. అడిగింది, చెప్పలేదు.

మాకు ఇంకో పద్ధతి ఉంది, దానికీ నేనే కారణమంటారు. ఎవరు కొత్త పుస్తకం తెచ్చినా పేరు అడగం, రాసిందెవరని అడగం, ముందు ఒకే ప్రశ్న. బతుకుతారా? అంటే చివరికి ఆ ఇద్దరాడవాళ్ళూ బతికి ఉంటారా అని. జూనిపర్‌లాంటి పిల్లలకి ఇది వేళాకోళంలా ఉంటుంది. వాళ్ళ పుస్తకాల్లో ఆడవాళ్ళకి కొమ్ములుంటాయి, రెక్కలుంటాయి, డ్రాగన్ల మీద ఎక్కి తిరుగుతూ ముద్దులు పెట్టుకుంటారు, ఎవరూ చావరు, చచ్చినా మళ్ళీ లేస్తారు. మా రోజుల్లో మాలాంటివాళ్ళున్న పుస్తకం దొరకడమే గగనం, దొరికాక ఆత్రంగా ముప్పాతిక వంతు చదివాక ఒకామె నదిలో దూకేది, లేకపోతే పిచ్చాసుపత్రి, లేకపోతే మొగుడు. "అందరి కథలూ పెళ్ళితో సుఖాంతం, మన కథలు పెళ్ళితో విషాదాంతం" అనేది హారియెట్, బడిలో పిల్లలకి పాఠం చెప్పినట్టే, అందుకే టీచరమ్మ అని ఏడిపించేవాళ్ళం. నాకది నవ్వులాట కాదు. నేను చదువుకున్నది అంతంతమాత్రం, పదో తరగతి దాటలేదు, ఒక్కో పేజీ వేలు పెట్టుకుని చదివేదాన్ని. అంత కష్టపడి ఒక మనిషి మీద మనసు పెట్టుకున్నాక ఆమెని నదిలో తోస్తే తట్టుకునే ఓపిక నాకెక్కడిది. అందుకని ముందు చివరి పేజీ చూసేదాన్ని. బతికుంటే మొదటికొచ్చేదాన్ని. లేకపోతే మూసి పక్కనపెట్టి, నోరు ఊరుకోక, అందరికీ చెప్పేసేదాన్ని, అయ్యో అది చదవకండి, చివర గ్యాసు తిప్పుకుంటుంది అని. హారియెట్ మూడు రోజులు మాట్లాడలేదు ఒకసారి. "నువ్వు పుస్తకం చదవవే ఐలీ, దానికి శవపరీక్ష చేస్తావు" అంది.

వాళ్ళకేం తెలుసు, ఆ రోజుల్లో నా బతుకే చివరి పేజీ తెలియని పుస్తకం. మారిట్‌కి అప్పుడు పాలపళ్ళు ఊడుతున్నాయి. దాని నాన్న కోర్టుకెక్కాడు, తల్లి ఆడదానితో తిరుగుతోంది, పిల్లని నాకిప్పించండి అని. లాయరు నన్ను కూచోబెట్టి, మీ ఇంట్లో ఏమేం ఉన్నాయమ్మా, ఫొటోలు, పుస్తకాలు, ఏవైనా, అని అడిగాడు. ఆ రాత్రే పుస్తకాలన్నిటికీ కిరాణా సంచుల కాగితంతో అట్టలు వేశాం, అట్టల మీద చర్చి ఆడవాళ్ళ వంటలు, కుట్టుపని, జామ్ చెయ్యడం, అని నా గుండ్రటి అక్షరాలతో రాశాను. అప్పటికీ గుండె నిలబడక అన్నిటినీ రోవేనా ఇంటికి చేరవేశాం. కావలసినప్పుడు రోవేనా దగ్గరికి పోయి, జామ్ కావాలే, అంటే ఇచ్చేది. ఇప్పటికీ మాలో ఎవరైనా పుస్తకం అడిగితే జామ్ ఉందా అంటారు, జూనిపర్‌కి ఎందుకో తెలియదు, నిజం జామ్ తెచ్చింది ఓసారి, స్ట్రాబెర్రీలది. జడ్జిగారు చివరికి మారిట్‌ని నా దగ్గరే ఉంచారు, ఆడవాళ్ళు ఇంటికి రాకూడదని షరతు పెట్టి. షరతు ఉన్నంతకాలం ఈనెజ్ తను తోలే బస్సుని మా వీధి చివర ఆపి, దిగకుండా, అద్దంలోంచి మా కిటికీ వంక చూసి వెళ్ళిపోయేది. నేను ఉల్లిపాయలు తరుగుతూ చూసేదాన్ని. అందుకని భయం నాకు అలవాటు కాదు, నా ఉద్యోగం. బడి వంటింట్లో పప్పులూ సూపులూ చేయడం పైపై పని.

రోవేనా దగ్గర దాచడమంటే మాటలు కాదు నాకు. నాకన్నా ముందు ఈనెజ్ ఉన్నది రోవేనాతోనే. ఇద్దరూ విడిపోయారు, విడిపోయినా ఏటా చేపలు పట్టడానికి ఒకే పడవలో పోయేవాళ్ళు, మాలో అంతే, పాత ప్రేమని గుమ్మంలోంచి పంపితే కిటికీలోంచి వచ్చి భోజనాల బల్ల దగ్గర కూచుంటుంది, కాసిని బంగాళాదుంపలు వెయ్యమంటుంది. నేను వేశాను ఇన్నేళ్ళూ. లోపల మాత్రం ఒక మూల ఎప్పుడూ చూస్తూనే ఉండేదాన్ని, ఈనెజ్ ఏ మాటకి ఆమె వైపు చూసి నవ్వింది, ఏ మాటకి నా వైపు చూసింది అని. రోవేనాకి హత్యల పుస్తకాలు కావాలి. మొదటి పేజీలో శవం లేకపోతే చేతిలోకి తీసుకోదు. "మీ ఆడవాళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవడమే నలభై పేజీలుంటే ఎట్లా చావమంటారే" అనేది. హారియెట్‌కి అర్థంకానిదే గొప్ప. పెర్ల్‌కి గుర్రాలుండాలి. నాకు ముద్దులుండాలి, మంచి ఇల్లుండాలి, చివర ఇద్దరూ ఉండాలి, అట్టమీద గాలికి ఎగిరే జుట్టున్నా నాకు అభ్యంతరం లేదు, సిగ్గుపడతాననుకున్నారు గాని నేను సిగ్గుపడేది వేరే వాటికి. ఈనెజ్ ఏదైనా చదివేది. ఎక్కడో టెక్సస్ ఎండల్లో పుట్టి ఈ చలిలో బస్సు తోలడానికొచ్చిన మనిషి, రూటు చివర బస్సు తిప్పుకునేచోట ఇంజను ఆపకుండా చదువుకునేది. వేళ కాగానే వాక్యం సగంలో ఉన్నా సరే టికెట్టు ముక్క పెట్టి మూసేసేది. సగం వాక్యంలో ఎలా మూస్తావే, మనసు లాగదా అంటే, "లాగాలనే కదా మూసేది, లాగితేనే మళ్ళీ వస్తా" అనేది. సాయంత్రం ఇంటికొచ్చి నేను రొట్టె పిండి పిసుకుతుంటే నాకు పైకి చదివేది. యాలకులు దంచుతుంటే మాత్రం ఆగేది, చప్పుడుకి. దేనికైనా కొట్లాడుకోవచ్చు గాని ఒక్కదానికి మాత్రం ఒప్పుకునేది కాదు, చివర చెప్పావంటే బస్సు కింద తోసేస్తా అనేది. నా పెదవులు వేళ్ళతో మూసేసేది. మారిట్‌కి మాత్రం అన్నీ చెప్పేసేదాన్ని, భయపడకే, కుక్కపిల్ల దొరుకుతుంది, ఓడ మునగదు అని. ఏడ్చేది పిల్ల, భయపడనివ్వమ్మా నన్ను అని. ఆ పిల్లే పెద్దదై మగపిల్లాణ్ణి ప్రేమించానని వచ్చి చెబితే రోవేనా నెత్తిన చెయ్యిపెట్టుకుని కూలబడింది, "ఎక్కడ పొరపాటు చేశామే పెంపకంలో" అని. అందరం పడీపడీ నవ్వాం. నేను మాత్రం ఆ కుర్రాడు వెళ్ళాక మారిట్‌ని పక్కకి పిలిచి చెప్పాను, ఈ పిల్లాడు ఉండడే, నాకు తెలుస్తోంది. ఉండలేదు. నేనన్నదే అయినందుకు అది నన్ను క్షమించిందో లేదో అడగలేదు.

కాఫీ కారడం అయిపోయింది. ఓడ ఇంకోసారి కూసింది. కింద వీధిలో ఏదో కారు దీపాలు, మలుపు తిరిగి పోయాయి, మారిట్ కాదు.

ఈనెజ్‌ని మా ఇంట్లో ముందుగదిలో కిటికీ పక్కన పడుకోబెట్టాం. బస్సులు కనిపిస్తాయని. ఏ బండి ఆలస్యంగా వచ్చిందో, ఎవరు నడుపుతున్నారో చెప్పేది, "వీడు బ్రేకుని తొక్కడు, తంతాడు" అనేది. తర్వాత కళ్ళు అలిసిపోయాయి. పుస్తకం బరువైపోయింది చేతులకి. అప్పుడు చదవడం నా వంతైంది. నేను, వేలు పెట్టుకుని చదివే మనిషిని, పెద్ద పెద్ద మాటల దగ్గర తట్టుకుంటూ, తప్పు చదివితే ఈనెజ్ కళ్ళు మూసుకునే సరిదిద్దేది. ఉత్తరాన ఏదో చిన్న దీవి, ఇద్దరాడవాళ్ళు పాడుబడ్డ పడవ రేవుని కొనుక్కుని జనాన్ని అటూ ఇటూ చేరవేస్తుంటారు, అదీ కథ. తుపానులు, అప్పులు, ఒకామెకి దగ్గు. ఆ దగ్గు రాగానే నా వేలు అక్కడే ఆగింది, పుస్తకంలో ఆడది దగ్గిందంటే ఎందుకు దగ్గిందో నాకు తెలియదా. ఈనెజ్ నిద్రపోయాక పొయ్యి దగ్గరికి తీసుకుపోయి చివరి పేజీ చూశాను. బతుకుతారు. ఇద్దరూ. ముసలివాళ్ళై, రేవు మీద వానలో నిలబడి, ఒకామె రెండోదాన్ని తిడుతుంది, "మళ్ళీ గొడుగు మర్చిపోయావు" అని. అదే ఆఖరి వాక్యం. వయసైపోయి, పళ్ళూడి, గొడుగు కోసం తిట్టుకోవడం. ఇన్నేళ్ళలో ఇంత మంచి చివర నేను చూడలేదు. పొయ్యి దగ్గరే నిలబడి చాలాసేపు దాన్నే చదివాను, వేలు తీయకుండా.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం, ఎండ కాస్త ఉంది మంచు మీద. చదవడం ఆపి టికెట్టు ముక్క పెడుతున్నాను. ఈనెజ్ కళ్ళు తెరవకుండానే అంది, "ఐలీ. నువ్వు చివర చూసేశావు కదా." చూడకుండా ఎప్పుడున్నాను. చూశానన్నాను. "అయితే చెప్పు. బతుకుతారా?" నాకు మొదట అర్థం కాలేదు. ఇన్నేళ్ళు నా నోరు మూసిన మనిషి. ఆ చెయ్యి ఇప్పుడు దుప్పటి మీద ఉంది, లేవలేదు. నాకు తెలుసు ఎందుకు అడుగుతోందో. అక్కడిదాకా రానని తెలిసి అడుగుతోంది. ఆ క్షణంలో నాకొచ్చిన ఆలోచన ఎవరికి చెప్పినా నవ్వుతారు, కాని అది నాకు దేవుడి మాటంత గట్టిగా వినిపించింది: కథ సగంలో ఉండగా ఎవరూ లేచిపోరు. చివర తెలియాలని ఉన్నంతకాలం ఉంటుంది. లాగితేనే మళ్ళీ వస్తా అన్న మనిషి ఇది. చెప్పేస్తే ఇక లాగేదేముంది? దుప్పటి సర్దాను. "నువ్వే వింటావుగా, రేపు చదువుతా" అన్నాను. ఊ అంది. ఇంకో రోజు కూడా అడిగింది, "ఇంకా చెప్పవా?" అని, మూతి పక్కన ఏదో ముడత పడింది అప్పుడు, నేను దాన్ని నొప్పి అనుకున్నాను. రేపు అన్నాను మళ్ళీ. తర్వాత రేపులు అయిపోయాయి. జీవితంలో చెప్పకూడనివన్నీ అందరికీ చెప్పిన నోరు ఇది. మారిట్‌కి చెప్పింది, హారియెట్‌కి చెప్పింది, బస్సులో పక్కన కూచున్న ముక్కూమొహం తెలియనివాళ్ళకి చెప్పింది. ఒక్కసారి, ఒక్కరు, నోరు తెరిచి అడిగినప్పుడు మాత్రం మూసుకుంది. చేతిలో తీపి పెట్టుకుని గుప్పిలి బిగించినట్టు. ఇప్పుడు వాళ్ళంతా కూచుని ఆ చివర పైకి చదువుతారు, అందరికీ వినిపిస్తుంది, వినవలసినదానికి తప్ప.

"ఏమే భయాలపుట్టా, కాఫీ సరస్సులోంచి తోడుతున్నావా?" రోవేనా. గుమ్మంలో నిలబడింది, కర్రకి ఆనుకుని. లోపలికొచ్చి కప్పులు దించింది, ఏ అరలో ఏముందో నాకన్నా దానికే తెలుసు, అందరి ఇళ్ళూ అంతే దానికి. "ఫోను చేసిందా పిల్ల?"

"లేదు. దారిలో ఏమైనా..."

"ఏమీ కాలేదు. మెల్లగా తోలుతోంది. ఈనెజ్ నేర్పిన చేతులు అవి." కప్పుల్లో పోసింది. ఒకటి నా వైపు జరిపింది. నా మొహంలోకి చూసింది, అది దానికి అలవాటు లేదు, ఎప్పుడూ నా భుజం పక్కనుంచి చూస్తుంది. "పుస్తకం సంగతేనా?"

కప్పు రెండు చేతులతో పట్టుకున్నాను.

"నన్నూ అడిగింది" అంది రోవేనా.

కాఫీ వేడి చేతిలోకి ఎక్కుతోంది, కప్పు దించాలని తోచలేదు.

"నువ్వు మందుల షాపుకెళ్ళావు. నేను కూచున్నా. ఐలి చెప్పనంటోంది, నువ్వు చెప్పు అంది. నాకెట్లా తెలుసనుకుందో! తెలుసు మరి. ఆమె చదువుతోందని నేనూ తెచ్చుకున్నా. నాలుగొందల పేజీలే! ఒక్క శవం లేదు. ఒక్కటంటే ఒక్కటి." ముక్కు తుడుచుకుంది చేతి వెనకతో. "చెప్పేశా. బతుకుతారే, ముసలిముండలై గొడుగు కోసం కొట్టుకుంటారు అన్నా. నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. మా ఇంట్లో సంగతే అంది."

నవ్విందా. ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు, మొదట భుజాలు కదులుతాయి, చప్పుడు తర్వాత వస్తుంది. మందుల షాపు వరసలో నిలబడ్డాను నేను అప్పుడు. ముందున్న ముసలాయన ఏదో కూపన్ గురించి వాదిస్తున్నాడు. సంతోషపడాలి నేను. ఈనెజ్‌కి తెలిసింది, తెలియకుండా పోలేదు, నా గుండెల మీద బండ దిగాలి. దిగింది కూడా. దిగినచోట ఇంకొకటి వచ్చి కూచుంది, ఆ నవ్వు నాకు రావలసింది, నేను దాచిపెట్టిన తీపి ఇంకొకరు పెట్టారు, అది కూడా రోవేనా. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లది లాగా వినిపించింది.

"చెప్పొద్దంది." రోవేనా కిటికీ వైపు తిరిగింది. "ఐలికి చెప్పకు, చివర దాచిపెడితే నన్ను ఆపొచ్చనుకుంటోంది, దాచుకోనీ అంది. అదీ మాట. నేను పుట్టించలేదు."

అయితే ఆ తర్వాతి సాయంత్రాలన్నీ తెలిసే విన్నదన్నమాట. నేను తట్టుకుంటూ చదువుతుంటే, ఆగితే, "తర్వాత?" అనేది, ఏమీ తెలియనట్టు. ఇంకా చెప్పవా అన్నప్పటి ఆ ముడత. నొప్పి కాదు. నన్ను ఆటపట్టిస్తోంది. తెలిసి, నేను దాచుకున్నది నా చేతిలోనే ఉంచి, దాచుకున్నావా, దాచుకో అని. ఎంత చూసినా నాకు అర్థం కాలేదు. చివరి పేజీలన్నీ చూసినదాన్ని, ఎదురుగా ఉన్న మొహం చదవలేకపోయాను. అప్పుడు తెలిసుంటే నేనూ నవ్వేదాన్ని, ఇద్దరం కలిసి నవ్వి ఉండేవాళ్ళం, ఒక మధ్యాహ్నం, అరగంట, అంతకన్నా ఏం కావాలి. రోవేనా చెయ్యి నా భుజం మీద పడింది, బరువుగా, కర్ర మీద పడ్డట్టే. తియ్యలేదు. నేనూ తియ్యమనలేదు.

"రండే ఇద్దరూ, మొదలుపెడదాం, పిల్ల వచ్చి కలుస్తుంది" అని హారియెట్ కేకేసింది. "రోడ్డు బాగాలేదు, చీకటి పడకముందే అందరూ ఇళ్ళకి చేరాలి." రోవేనా కప్పులు పళ్ళెంలో సర్దింది, నేను రొట్టె ముక్కలు తెచ్చాను, పొద్దున్నే యాలకులేసి చేశాను, చేతులకి పనుంటే మంచిదని. ముందుగదిలో సోఫా కిటికీ వైపు కొస ఖాళీగా వదిలేశారు, ఈనెజ్ ఎప్పుడూ కూచునేచోటు. నేను దాని పక్కన కూచున్నాను. పెర్ల్ తన జేబులోంచి ఆ పాత తలపిన్ను తీసి మోకాలి మీద పెట్టుకుంది, ప్రతిసారీ తెస్తుంది. జూనిపర్ కింద చాప మీద, కాళ్ళు మడుచుకుని. హారియెట్ కళ్ళద్దాలు సర్దుకుని పుస్తకం ఒళ్ళోకి తీసుకుంది, టికెట్టు ముక్క మీద వేలు పెట్టింది, తియ్యలేదు. నావైపు చూసింది. పుస్తకం తెచ్చింది నేనే కదా. పద్ధతి పద్ధతే.

"ఐలీ" అంది. "బతుకుతారా?"

అదే మాట. అదే గొంతు కాదు. హారియెట్‌కి ఏమీ తెలియదు, తెలిస్తే అడగదు. ఎదురుగా రోవేనా కాఫీ కప్పులోకి చూస్తోంది, తల ఎత్తడం లేదు. చెప్పాలి. ఒక మధ్యాహ్నం, మంచు మీద ఎండ ఉన్నప్పుడు చెప్పాల్సింది. ఇప్పుడు వీళ్ళకి చెబితే ఏం లాభం. పక్కన ఖాళీ మీద చెయ్యి పెట్టాను, అక్కడ సోఫా బట్ట కూచున్నచోట నునుపుగా అరిగి ఉంది.

"బతుకుతారు" అన్నాను, ఆ వైపు తిరిగి. "ఇద్దరూ. ముసలివాళ్ళవుతారు."

జూనిపర్ చిన్నగా ఊపిరి వదిలింది. హారియెట్ టికెట్టు ముక్క తీసి నా చేతిలో పెట్టింది, చదవడం మొదలుపెట్టింది, సగం వాక్యం నుంచి, ఎందుకంటే నేను కూడా సగంలోనే మూశాను, ఈనెజ్ లాగే, లాగుతుందని. పడవ రేవు, తుపాను, ఒకామె దగ్గు. ఎప్పుడూ ఒక్కసారిగా చివరికి దూకాలని ఉండేది నాకు. ఇవాళ ఆ పేజీలు తిప్పకపోతే బాగుండును, ఆ వాన ఇంకా దూరంగా ఉంటే బాగుండును అనిపించింది. హారియెట్ గొంతు పోయింది, పెర్ల్ అందుకుంది. పెర్ల్ తర్వాత జూనిపర్, అది కొంచెం వేగంగా చదువుతుంది, రెక్కలున్నవాళ్ళకి చదివినట్టు. మెల్లగా చదవమని ఎవరో అన్నారు దానికి.

వీధిలో కారు తలుపు పడింది. ఆ చప్పుడు నాకు తెలుసు, ఏ తలుపైనా తెలుసు గాని ఆ తలుపు మరీ. మెట్ల మీద బూట్లు దులిపిన చప్పుడు. తలుపు తెరుచుకుని చలి ముందొచ్చింది, వెనక మారిట్, కళ్ళు ఎర్రగా, చేతులు రెండూ జేబుల్లో, నెత్తి మీద ఏమీ లేదు, జుట్టంతా మంచు, కరిగి నుదుటి మీదికి కారుతోంది. అందర్నీ చూసింది, ఖాళీచోటు చూసింది. నేను లేచాను. బతికొచ్చావా తల్లీ అనాలనుకున్నాను. లారీ ఏం చెయ్యలేదా అనాలనుకున్నాను. ఆ ఎర్రకళ్ళ గురించి అడగాలనుకున్నాను. నోరు మాత్రం తన అలవాటున తాను తెరుచుకుంది, గదంతా వినబడేటట్టు, కోపంగా:

"మళ్ళీ టోపీ మర్చిపోయావు."

జూనిపర్ పేజీ మీంచి తలెత్తి చూసింది, అక్కడిదాకా ఇంకా రాలేదు తను. రోవేనా మాత్రం నావైపు చూసింది. భుజాలు ముందు కదిలాయి దానికి, చప్పుడు తర్వాత వచ్చింది.